టికెట్టు మీద పదిహేను, జేబులోంచి వంద

మా మావయ్య ముప్పై ఏళ్లు ఒకే సినిమా హాల్లో బుకింగులో కూర్చున్నాడు. గోదావరి పక్కన పెద్ద ఊరే మాది, కానీ కాగితాల్లో ఇప్పటికీ గ్రామ పంచాయతీ, మున్సిపాలిటీ కాదు. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి, కథంతా దీని మీదే నడుస్తుంది.

2021 దసరాకి ఊరెళ్లాను. కరోనా రెండో వేవ్ అయ్యి హాళ్లు అప్పుడప్పుడే మళ్లీ తెరుచుకున్నాయి. సాయంత్రం ఏమీ తోచక మావయ్య హాలుకే పోయాను, బుకింగు కన్నంలో చెయ్యి పెట్టి బాల్కనీ ఒకటివ్వు మావయ్యా అంటే లోపల్నుంచి, వంద ఇవ్వరా అన్నాడు. ఇచ్చాను. చేతిలోకొచ్చిన టికెట్టు ముక్క చూస్తే దాని మీద 15 అని అచ్చేసి ఉంది. పదిహేను! ఏంటి మావయ్యా ఇది అన్నాను. "టికెట్టు చూడకు అల్లుడూ, సినిమా చూడు" అని వెనకాలోడిని పిలిచాడు.

ఆ పదిహేను ఎక్కడిదంటే జీవో నెంబరు 35. 2021 ఏప్రిల్ 8న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చింది. 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం ఒకటుంది, దాని కింద ఏ ఊళ్లో ఏ హాల్లో ఏ సీటుకి ఎంతో పట్టీ వేసేశారు. కార్పొరేషన్‌లో మల్టీప్లెక్స్ అయితే పై క్లాసుకి 250. అదే గ్రామ పంచాయతీలో ఏసీ లేని హాలైతే 5, 10, 15. ఏసీ ఉంటే 10, 15, 20. మా హాల్లో ఏసీ ఒకప్పుడు ఉండేది, ఎలకలు వైర్లు కొరికేశాక ఎవరూ బాగు చేయించలేదు, అంచేత మేము 15 బ్యాచీ. హాలు బయట బజ్జీల బండి దగ్గర ప్లేటు మిరపకాయ బజ్జీ 30, దానికి జీవో లేదు. మూడు గంటల సినిమాకి 15, నాలుగు బజ్జీలకి 30, ఈ లెక్క ఏ సెక్రటేరియట్‌లో కూర్చుని ఏ ఆఫీసరు వేశాడో కానీ ఆయన ఏనాడూ పంచాయతీ హాలుకి కరెంటు బిల్లు కట్టి ఉండడు.

లెక్కేద్దాం. మావయ్య హాల్లో 420 సీట్లు. సగటున టికెట్టుకి 10 వేసుకోండి, హౌస్‌ఫుల్ అయితే ఆటకి 4,200. రోజుకి నాలుగాటలూ హౌస్‌ఫుల్ అయినా (ఇది పెద్ద హీరో సినిమాకి మొదటి మూడ్రోజుల ముచ్చట, తర్వాత ఆటకి అరవై మంది వస్తే గొప్ప) 16,800. ఇందులోంచి కరెంటు, డిజిటల్ ప్రొజెక్షన్ వాడికి కట్టేది, ఆపరేటరు, గేటు కీపర్లు, ఊడ్చేవాళ్లు, పోస్టర్లు, మిగిలిందాంట్లో డిస్ట్రిబ్యూటరు షేరు. హాలు ఓనరు పిచ్చోడు కాదు కదా. అందుకని డీసీఆర్‌లో, అంటే రోజువారీ వసూళ్ల లెక్కలో, ఒక రేటు, కన్నం దగ్గర ఒక రేటు. బ్లాకు అంటే మా చిన్నప్పుడు గోడ పక్కన లుంగీ కట్టుకున్నవాడు గుసగుసగా అమ్మేది, ఆ జీవో పుణ్యమా అని బ్లాకు కాస్తా బుకింగులోకే వచ్చి కూర్చుంది, అదీ మా మావయ్య చేతుల మీదుగా. మావయ్య అప్పటిదాకా ఒక రూపాయి అటూ ఇటూ చేసి ఎరగడు, ఆ విషయం మా అత్తయ్య ఇప్పటికీ బాధగా చెబుతుంది.

సామాన్యుడికి వినోదం అందుబాటులో ఉండాలి అన్నారు ప్రభుత్వం తరఫున. మాట మంచిదే, కాదనేవాడు పాపాత్ముడు. మరి సామాన్యుడికి ఏమొచ్చింది? మా ఊళ్లో పది రూపాయల టికెట్టుకి సినిమా చూసిన సామాన్యుడు ఒక్కడంటే ఒక్కడు నాకు కనపడలేదు. అసలు నేల టికెట్టు కనిపెట్టింది ఎవరండీ? రేట్లకి ఆ రోజుల్లోనూ కలెక్టరాఫీసు ముద్ర ఉండేది, కాదనను, కానీ నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అని నాలుగు రకాలు పెట్టుకున్నది హాలువాళ్ల అవసరం, ఖాళీగా ఉండేకన్నా కూలి పనినుంచొచ్చినవాడు మూడు రూపాయలిచ్చి తెర ముందు మట్టిలో కూర్చుంటే మూడు రూపాయలే లాభం కదా అని. పేదోడి జేబుని చూసి రేటు పెట్టటం వ్యాపారికి నేర్పక్కర్లేదు. జేబు చూడకుండా రేటు పెట్టగలిగేది ఒక్క గవర్నమెంటే.

ఇక్కడ నాకు బాగా మండిన సంగతి ఇంకొకటి. ఆ ఏడాది డిసెంబరు 14న హైకోర్టు సింగిల్ జడ్జి ఆ జీవోని సస్పెండ్ చేశారు, ప్రభుత్వం అప్పీలుకెళ్లింది, గొడవ ముదిరింది, సరిగ్గా అదే టైముకి రెవెన్యూవాళ్లు హాళ్ల మీద పడ్డారు. ఫైర్ ఎన్‌వోసీ, అంటే అగ్నిమాపక శాఖవాళ్ల అనుమతి, ఉందా, లైసెన్సు రెన్యువల్ అయిందా, బాత్రూములు ఎలా ఉన్నాయి, క్యాంటీన్లో ఎంతకమ్ముతున్నారు. కొన్ని హాళ్లకి సీలు వేశారు, కొందరు ఈ రేట్లకి నడపలేం బాబూ అని వాళ్లే తాళాలేసుకున్నారు. నిప్పంటుకుంటే జనం బయటికి రాగలరా లేదా చూడటం గవర్నమెంటు పనే, నేనూ అదే అంటాను, నూటికి నూరుపాళ్లు. కానీ ఇన్నేళ్లూ చూడనిది రేటు దగ్గర తగువొచ్చిన నెల్లోనే ఎందుకు గుర్తొచ్చింది? మా మావయ్య హాల్లో ఆర్పే సిలిండరు మీద తారీకు అయిపోయి ఎన్నేళ్లయిందో, దాని మీద బూజు. రోజూ చేయాల్సిన తనిఖీని కర్రలాగా దాచిపెట్టుకుని కోపమొచ్చినప్పుడు తీస్తే అది తనిఖీ కాదు.

2022 ఫిబ్రవరిలో పెద్ద హీరోలు తాడేపల్లి వెళ్లి ముఖ్యమంత్రిని కలిశారు, మార్చి 7న కొత్త జీవో వచ్చింది, కనిష్ఠం 20, గరిష్ఠం 250. అందులో ఒక ముక్క నాకు ఎప్పుడు తలుచుకున్నా నవ్వొస్తుంది. హీరో, హీరోయిన్, డైరెక్టరు పారితోషికాలు తీసేసి వంద కోట్లు దాటిన సినిమా అయితే మొదటి పది రోజులు రేటు పెంచుకోవచ్చు, అయితే షూటింగులో ఇరవై శాతం ఆంధ్రలో జరిగి ఉండాలి. అంటే నేను కూర్చునే సీటు రేటు ఆ పాట అరకులో తీశారా ఆస్ట్రియాలో తీశారా అన్నదాన్నిబట్టి మారుతుంది. వంకాయ కొనేటప్పుడు ఆ మడికి నీళ్లు ఏ కాలవ నుంచి పారాయో చూపిస్తేనే రేటు చెబుతా అన్నట్టుంది.

రాజకీయం వద్దనుకున్నా ఇది చెప్పకుండా ఉండలేను. జీవో 35 వచ్చింది పవన్ కల్యాణ్ సినిమా రిలీజుకి సరిగ్గా ఒక్క రోజు ముందు. ఆయన కోసమే తెచ్చారని ఒకళ్లు, కాదు పేదోళ్ల కోసమని ఒకళ్లు, నాకు తెలియదు, నేను ఆ గదిలో లేను. నాలుగేళ్లు గడిచాయి, ప్రభుత్వం మారింది, ఆయన ఉప ముఖ్యమంత్రి అయ్యారు, 2025 సెప్టెంబరులో అదే హీరో సినిమా బెనిఫిట్ షోకి అదే రాష్ట్ర ప్రభుత్వం టికెట్టు వెయ్యి రూపాయలు పెట్టుకోవచ్చని అనుమతిచ్చింది. హీరో అదే, చట్టం అదే, పెన్ను అదే. మా వాట్సాప్ గ్రూపులో 2021లో జగన్‌ని తిట్టినవాళ్లు 2025లో నోరు మెదపలేదు, అప్పుడు మెదపనివాళ్లు ఇప్పుడు తిట్టారు. రెండుసార్లూ తిట్టాల్సింది ఆ పెన్నుని అని నేనంటే ఇద్దరూ కలిసి నన్ను తిట్టారు, అది వేరే సంగతి.

తెలంగాణలో బాగుందా అంటే, నేనిప్పుడు ఉండేది హైదరాబాదులోనే కాబట్టి ఆ ముచ్చటా చెప్పాలి. ఇక్కడ 2021 డిసెంబరు జీవోతో పై హద్దు బాగా పైన పెట్టారు, ఏసీ సింగిల్ స్క్రీన్లో 150 దాకా, మల్టీప్లెక్స్‌లో 250 దాకా, జీఎస్టీ దాని మీద. హద్దు ఎక్కడ పెడితే అందరూ అక్కడికే ఎక్కి కూర్చుంటారు కదా, మామూలు సినిమాకీ 295 అయిపోయింది. ఆ పైన పెద్ద సినిమా వచ్చినప్పుడల్లా ప్రొడ్యూసరు సెక్రటేరియట్‌కి అర్జీ పెట్టుకోవటం, స్పెషల్ జీవో. 2024 డిసెంబరు 4 రాత్రి పుష్ప 2 ప్రీమియర్ షోలకి మామూలు రేటు మీద ఇంకో 800 వేసుకోవచ్చని అలాగే అనుమతిచ్చారు. ఆ రాత్రే ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాట, ఒక తల్లి చనిపోయింది, పిల్లాడు నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు.

నేను దాని గురించి ఆలోచించినప్పుడల్లా ఆ జీవో కాగితమే కళ్లముందు కొస్తుంది. మల్టీప్లెక్స్‌లో ఎంత, సింగిల్ స్క్రీన్లో ఎంత, ఏ తారీకు నుంచి ఏ తారీకు దాకా ఎంత, రూపాయి రూపాయికీ లెక్క రాశారు. గేటు దగ్గర మనుషుల లెక్క మాత్రం ఎవరి దగ్గరా లేదు. తర్వాత డిసెంబరు 21న ముఖ్యమంత్రి అసెంబ్లీలో, నేనున్నన్నాళ్లూ ఇక బెనిఫిట్ షోలూ లేవు రేట్ల పెంపూ లేదు అన్నారు. మూడు వారాలు తిరక్కుండానే సంక్రాంతి సినిమాకి పెంపు ఇచ్చారు, హైకోర్టులో గొడవయ్యాక వెనక్కి తీసుకున్నారు. (అదే డిసెంబరు 21న జైసల్మేర్‌లో జీఎస్టీ కౌన్సిలు కూర్చుని ఉప్పు పాప్‌కార్నుకి ఎంత, ప్యాకెట్‌లో ఉంటే ఎంత, పంచదార పాకం పట్టిస్తే ఎంత అని తేల్చింది. అప్పట్లో విడిగా అమ్మే ఉప్పుదానికి 5, ప్యాకెట్టుకి 12, పాకానికి 18 శాతం. మన దేశంలో సినిమా కష్టాలన్నీ ఒకే శనివారం తీర్చేద్దామనుకున్నారేమో.)

నేనిలా మొదలెట్టగానే మా ఆవిడ ఒకటే మాటంటుంది, నువ్వు ఒక్కడివే వెళ్లేటప్పుడు ఫ్రీ మార్కెట్టు బాగానే ఉంటుంది, నలుగురం వెళ్లినప్పుడు బిల్లు చూడు అని. నిజమే, టికెట్లు, బుకింగ్ యాప్ చార్జీ, పిల్లల పాప్‌కార్ను, ఇంటికొచ్చేసరికి రెండువేలు. తను ఇంకోటి కూడా అంటుంది, అది ఇంకా గట్టిది. పండక్కి ఊళ్లో ఉన్న స్క్రీన్లన్నింట్లో అదే సినిమా, హాళ్లేమో సగం లీజుల మీద కొద్దిమంది నిర్మాతల చేతిలో, ఇందులో నేను ఎంచుకునేదేంటి, వాడు చెప్పిందే రేటు, దీన్ని స్వేచ్ఛ అనకు.

దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, సగం ఉంది. హాళ్లన్నీ నలుగురి చేతిలో ఉంటే ఆ చేతుల సంగతి చూడాలి, దానికి కాంపిటీషన్ కమిషన్ అని ఒకటి ఢిల్లీలో ఉంది, లీజులు చూడనీ, చిన్న సినిమాకి హాలు ఎందుకు దొరకట్లేదో చూడనీ. రేటు మీద చెయ్యేస్తే ఆ నలుగురికీ ఏం కాదు, జీవో తెచ్చుకోగలిగేది వాళ్లే కదా, తెచ్చుకోలేనిది మా మావయ్య ఓనరు. ఇక మిగిలిన సగం జవాబు, సినిమా చూడకపోతే ఏమవుతుంది? ఏం కాదు. నిజంగా ఏమీ కాదు. 2024 మేలో ఎండలు, ఎన్నికలు, ఐపీఎల్, పెద్ద సినిమా ఒక్కటీ లేదు, జనం హాళ్ల మొహం చూడలేదు, తెలంగాణలో సింగిల్ స్క్రీన్ల వాళ్లు పది రోజులు వాళ్లంతట వాళ్లే మూసుకున్నారు. ఏ జీవో చేయలేని పని జనం ఇంట్లో కూర్చుని చేశారు.

రేటు కంట్రోలు అసలే వద్దంటావా అంటే, అననండీ. 2016లో మా నాన్నకి గుండెల్లో నొప్పొస్తే ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లాం, పేరెందుకు లేండి. యాంజియో చేస్తూ మధ్యలో ఒకాయన మాస్కుతో బయటికొచ్చి, రెండు బ్లాకులున్నాయి స్టెంట్లు (రక్తనాళం మూసుకుపోకుండా లోపల పెట్టే చిన్న గొట్టాలు) వేయాలి, ఇండియన్‌దా ఇంపోర్టెడ్‌దా, తొందరగా చెప్పండి అన్నాడు. నాన్న లోపల బల్ల మీద పడుకుని ఉన్నాడు. రెండింటికీ తేడా ఏంటండీ అంటే, రేటు తేడా అన్నాడు, అని మొహం చూశాడు. ఇంపోర్టెడ్ అన్నాను. ఎవరైనా అదే అంటారు. ఎంతైందో ఇక్కడ రాయను, పొలం అమ్మాం. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ల రేటుకి పై హద్దు పెట్టింది, మామూలుదానికి 7,260, మందు పూతదానికి 29,600. ఆ వార్త పేపర్లో చూసి నేను చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఆ తలుపు ముందు నిలబడ్డప్పుడు నేను కొనుగోలుదారుడిని కాదు, లేచి పక్క షాపుకి పోలేను, వద్దనలేను, బేరమాడలేను, వస్తువు మంచిదో కాదో చూడలేను. అలాంటి చోట గవర్నమెంటు రేటు పెట్టకపోతే ఇంకెక్కడ పెడుతుంది? సినిమా హాలుకీ ఆ తలుపుకీ తేడా తెలియనివాళ్లు ఒకటే చట్టంతో రెండింటినీ కొలవబోతే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంకో రకం ఉంది, మీకు స్వేచ్ఛ ఇస్తున్నాం తీసుకోండి అని మీద రుద్దేది. 2019 ఫిబ్రవరి 1 నుంచి ట్రాయ్, అదే ఫోన్లకీ టీవీ చానెళ్లకీ రూల్సు పెట్టే కేంద్ర సంస్థ, తెచ్చిన కొత్త రూలు గుర్తుందా, ఏ చానెల్ కావాలో మీరే ఎంచుకోండి, దానికే డబ్బు కట్టండి. వినటానికి నాకూ భలే నచ్చింది. కేబులబ్బాయి మా అమ్మకి ఒక జెరాక్సు కాగితం ఇచ్చి టిక్కు పెట్టమన్నాడు. అమ్మ కళ్లజోడు పెట్టుకుని రెండ్రోజులు కూర్చుంది. అప్పట్లో మొదటి వంద చానెళ్లకి 130 ప్లస్ జీఎస్టీ తప్పదు, అందులో పాతిక దూరదర్శన్ చానెళ్లు తప్పవు, ఆ పైన పే చానెళ్లు విడిగా తీసుకుంటే ఒక్కోటి 19 దాకా, గుత్తగా బొకేలో తీసుకుంటే చవక, అంచేత చివరికి అందరూ బొకేనే తీసుకున్నారు, వద్దనుకున్న చానెళ్లతో సహా. అమ్మ బిల్లు 200 నుంచి 340 అయింది, భక్తి చానెలొకటి పోయింది. "ఇదివరకు వాడే ఇచ్చేవాడురా అన్నీ, ఇప్పుడు నన్నే అడిగి ఎక్కువ తీసుకుంటున్నాడు" అంది. కేబులబ్బాయిని ఇంతకుముందు అమ్మ బెదిరించేది, సీరియల్ రాకపోతే డబ్బులివ్వను పో అని. రూలు వచ్చాక ఆ బెదిరింపు కూడా పోయింది, పైనుంచి రేటండీ నా చేతిలో ఏం లేదు అనటం నేర్చుకున్నాడు.

హాల్లో పాప్‌కార్ను సంగతి మాత్రం నాకు ఇప్పటికీ తేలలేదు. 2023 జనవరి 3న సుప్రీంకోర్టు చెప్పింది, హాలు ప్రైవేటు ఆస్తి, బయట తిండి తేవద్దనే హక్కు ఓనరుకి ఉంది, కానీ మంచినీళ్లు ఉచితంగా ఇవ్వాలి, చంటిపిల్లల తిండిని అడ్డుకోకూడదు. నా సిద్ధాంతం ప్రకారం ఇది సరైన తీర్పే. నీళ్లు లేకపోతే మనిషి ఉండలేడు, పాప్‌కార్ను లేకపోతే ఉండగలడు. కానీ ఇంటర్వెల్లో మా చిన్నోడు చెయ్యి పట్టుకుని లాగుతుంటే సిద్ధాంతం గుర్తురాదు, తిట్టుకుంటూ 400 ఇస్తాను. ఆ నీళ్ల కుళాయి ఉందే, దాన్ని వెతకండి ఈసారి, బాత్రూము పక్కన సందులో ఉంటుంది, గ్లాసు ఉండదు. నాకైతే ఇన్‌స్పెక్టరు వచ్చి చూడాల్సింది ఆ సందులో.

పార్కింగు కూడా ఇలాగే చేశారు. 2018లో తెలంగాణలో మాల్సు, మల్టీప్లెక్సులు, హాళ్లలో బండి పెడితే మొదటి అరగంట ఎవరికైనా, ఆ తర్వాత టికెట్టో బిల్లో చూపించినవాళ్లకి, డబ్బులు తీసుకోకూడదన్నారు. మేమందరం చప్పట్లు కొట్టాం. మాలుకి పోయిందేమీ లేదు, ఇంకో దాంట్లో లాక్కుంటుంది. సింగిల్ స్క్రీన్‌కి ఆ స్టాండు మీదొచ్చేదే రోజువారీ ఖర్చు, పైగా బజారుకొచ్చినవాళ్లంతా బండి హాల్లో పడేసి పోవటం మొదలెట్టారు. మూడేళ్లయ్యాక, 2021 జులైలో, సింగిల్ స్క్రీన్లు తీసుకోవచ్చని మళ్లీ మార్చారు. ఈలోగా స్టాండుల్లో చీటీలిచ్చే ముసలాళ్లు ఏమయ్యారో ఎవరూ రాయలేదు.

మా మావయ్య హాలు 2023లో మూతపడింది. జీవో వల్లే అని చెప్పను, అది అబద్ధమవుతుంది, ఫోన్లో నెలకి ఇంతని కడితే ఇంటిల్లిపాదీ చూసుకుంటున్నప్పుడు ఏసీ లేని 420 సీట్ల హాలు ఎన్నాళ్లుంటుంది. కాకపోతే ఆ ఏసీ బాగు చేయించుకునే డబ్బు పై ఏడాది వస్తుందిలే అని ఓనరు చూసిన రెండేళ్లూ ఈ జీవోల ఏళ్లే.

ఇప్పుడది ఫంక్షను హాలు. మొన్న ఫిబ్రవరిలో మా బంధువులమ్మాయి పెళ్లికి అక్కడికే వెళ్లాను. కుర్చీలు పీకేసి నేలంతా టైల్సు వేశారు, తెర ఉన్నచోట పెళ్లి మండపం, పైన గోడకి ప్రొజెక్టరు కన్నాలు రెండూ అలాగే ఉన్నాయి, అందులోంచి డ్రోను కుర్రాడు వైర్లు లాగాడు. ప్లేటు భోజనం 650 అట, సీజన్లో 800 అట, దానికి జీవో ఏమీ లేదు, ఎవరూ ఏడవట్లేదు కూడా, కాకినాడ వంటవాళ్లయితే ఎంత, మామూలు వంటవాళ్లయితే ఎంత అని బేరాలాడుకుని కుదుర్చుకుంటున్నారు. మావయ్య కట్నాలు రాసే బల్ల దగ్గర కూర్చున్నాడు, అలవాటు ప్రకారం నోట్లు రెండుసార్లు లెక్కపెడుతున్నాడు.

ముహూర్తం టైముకి లోపల వెయ్యిమందికి తక్కువ ఉండరు, ఊపిరాడక ఎడమ పక్క తలుపు దగ్గరికి పోయాను, చిన్నప్పుడు సినిమా వదలగానే అందులోంచే పరిగెత్తేవాళ్లం. పైన ఎర్రక్షరాల బోర్డు ఇంకా వెలుగుతోంది, బయటకు దారి అని. గడియ తీసి తోశాను. బెత్తెడు తెరుచుకుని ఆగిపోయింది. సందులోంచి చూస్తే అవతల షామియానా గొట్టాలు, గ్యాస్ సిలిండర్లు గుట్టగా పేర్చి ఉన్నాయి.